తాండూరు బండ కోసం మూడు రోజులు

నీళ్ల సీసా

ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా రాళ్ల దుకాణాలే. గ్రానైట్, మార్బుల్ పలకలు ఇనుప చట్రాలకు ఆనుకుని వరసగా నిలబడి ఉంటాయి. ఎండ పడితే కళ్లు చెదురుతాయి. రెండు ఆదివారాలు ఆ దుకాణాలన్నీ తిరిగాను. ప్రతిచోటా చేసిన పని ఒక్కటే. నచ్చిన రాయి ముక్క నేల మీద పెట్టించడం, బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి దాని మీద పోయడం, చెప్పులు విడిచి కాలు పెట్టి జరిపి చూడటం.

"మేడం, ఇట్ల ఎవరూ చూడరు. షైనింగ్ చూడండి. మీ మొహం కనబడుతది," అన్నాడు ఒక దుకాణం అతను.

"మొహం చూసుకోడానికి ఇంట్లో అద్దం ఉంది బాబూ. నాకు కాలు ఆగాలి," అన్నాను.

కారణం ఉంది. మావారికి దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోళ్ల దుకాణం. సైదాబాద్‌లో అద్దె ఇల్లు, ఆ ఇంటి నిండా నున్నటి టైల్స్. కిందటేడు వానాకాలంలో వరండాలోకి జల్లు కొడుతుంటే తలుపు వేయబోయి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది గానీ ధైర్యం రాలేదు. పొడి నేల మీద కూడా ఒక చేత్తో కర్ర, రెండో చెయ్యి గోడ మీద. స్నానాల గదికి వెళ్లాలన్నా ముందు నేను గుడ్డతో తుడవాలి. మీర్‌పేట్‌లో ఎప్పుడో కొన్న జాగాలో కింద రెండు షట్టర్లు, పైన ఇల్లు కట్టడం మొదలుపెట్టింది అందుకే. దుకాణం ఇంటి కిందే ఉంటే మళ్లీ వెళ్లి కూర్చుంటారని నా ఆశ. కాబట్టి ఆ నేల మీద ఏ రాయి వేయాలన్నది నాకు అందచందాల సంగతి కాదు.

స్లాబు పడేసరికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకుంది. మాది రేపల్లె వైపు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నా, వారానికొక చుట్టం ఫోన్ చేసి, "ఇప్పుడు అక్కడ ఇల్లేంటి? ఉన్నది ఉన్నట్టు అమ్మేసి వచ్చేయండి," అనేవారు. వినీ వినీ మావారు కూడా మెత్తబడ్డారు. "గోడలు లేచాయిగా, నేల సంగతి తర్వాత చూద్దాంలే," అన్నారు. నేల లేని ఇంట్లోకి ఎవరు వెళ్తారు? ఆ 'తర్వాత' అన్న మాటే నన్ను బస్సెక్కించింది.

మా నేల పని ఒప్పుకున్న మేస్త్రి యాదయ్యది పాలమూరు జిల్లా. నా నీళ్ల సీసా సంగతి విని నవ్వలేదు. "అమ్మా, జారని బండ కావాల్నంటే షాబాద్ బండనే. గది గూడ దుకాణంల కాదు, తాండూరు పోయి గనుల కాడ చూసుకోవాలె. జర తిరుగుడైతది గని మంచిది దొరుకుతది," అన్నాడు. షాబాద్ బండ అంటే మా వైపు నాపరాయి అంటామే, అదే. అతని భార్య లక్ష్మమ్మ కూడా వస్తానంది. ఇరవయ్యేళ్లుగా భర్త పక్కన సిమెంటు కలుపుతూ, బండలు అందిస్తూ ఉంది గానీ ఆ బండ పుట్టే చోటు చూడలేదట. నేను లెక్కల టీచర్ని. బంద్‌లతో మా స్కూలు తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. సెలవు అడగాల్సిన పని కూడా లేకపోయింది. పక్కవీధిలో ఉండే మా ఆడపడుచు మావారి దగ్గర మూడు రోజులు ఉంటానంది.

సీతాఫలాల దారి

ఇమ్లీబన్ బస్టాండులో తాండూరు బస్సెక్కాం. వానలు వెనకబట్టిన రోజులు. చేవెళ్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు, వాటి వెనక ఎర్ర చేలు. వికారాబాద్ దగ్గర బస్సు ఆగగానే ఆడవాళ్లు గంపలతో కిటికీల కిందికి వచ్చారు. సీతాఫలాలు. డజను కొంటే రెండు కొసరు వేసింది ఒకామె. పగిలిన కాయ దానికదే విచ్చుకుని ఉంది. మా వైపు కొనుక్కునే సీతాఫలంలో గింజలే ఉంటాయని నాకు గుర్తు. ఇక్కడ గుజ్జు తిన్నాక గింజ దొరికింది.

గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. లక్ష్మమ్మ తన కొంగు పరిచి, "ఇండ్ల ఎయ్యమ్మా," అంది. ఎంత మొహమాటపడ్డా వినలేదు.

ముందు సీట్లలో ఇద్దరు ఉద్యమం గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజుల్లో బస్సులో నోరు విప్పడానికి సంకోచం ఉండేది నాకు. ఎవరూ ఏమీ అన్నది లేదు, అంటారేమోనన్న భయం అంతే. టికెట్టు కూడా యాదయ్యనే అడగమన్నాను. అతనికి అర్థమైనట్టుంది. ఏమీ అడక్కుండా, "మూడు తాండూరు," అని తనే చిల్లర ఇచ్చాడు.

తాండూరు

ఆ ఊళ్లో దిగగానే నాకు నవ్వొచ్చింది. మా వైపు పొలం చుట్టూ ముళ్లకంప వేస్తాం. అక్కడ నిలువెత్తు బండలు పాతి కంచె కట్టారు. పశువుల తొట్టి బండ, టీ కొట్టు అరుగు బండ, ఇంటి కప్పు బండ. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన కూర్చున్న పీట కూడా బండే. మనం చదరపు అడుగు ఎంతని అడిగే రాయి అక్కడ కాలికింద మట్టిలా పడి ఉంది.

టీ తాగి, యాదయ్యకు తెలిసిన దారిన ఒక పాలిష్ యూనిట్‌కి వెళ్లాం. పేరు చెప్పను, అవసరం లేదు. మెషీన్ల చప్పుడులో మనిషి మాట మనిషికి వినబడదు. అందరి ఒంటి మీదా బూడిదరంగు పొడి. సూపర్‌వైజర్ మమ్మల్ని ఎండలో పరిచి ఉంచిన ఒక లాట్ దగ్గరికి తీసుకెళ్లాడు. నీలం బండ. నిజానికి అది నీలం కాదు, వాన రాబోయే ముందు మబ్బు రంగు. చూడగానే నచ్చింది. నీళ్లు పోసి కాలు పెట్టి చూశాను. కాలు ఆగింది.

"ఎంత?" అన్నాను.

"చదరపు అడుగు ఇరవై రెండు. మీ కోసం ఇరవై," అన్నాడు. ఎల్.బి.నగర్‌లో ఇదే రకానికి ముప్ఫై రెండు చెప్పారు. యాదయ్య బండ అంచులు కొలుస్తున్నాడు. మందం బాగానే ఉందన్నాడు. నేను అడ్వాన్సు కోసం బ్యాగు తెరిచాను.

అప్పుడు పక్కన బండలు పేరుస్తున్న ఒకామె పని ఆపింది. యాభై దాటి ఉంటాయి. తలకు తువ్వాల, ముక్కుకు అడ్డంగా కట్టిన చీర చెంగు. సూపర్‌వైజర్ ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ అటు తిరిగినప్పుడు నా దగ్గరికి వచ్చి, నేను తడిపిన బండను చెంగుతో తుడిచింది.

"ఇప్పుడు జూడమ్మా," అంది.

బండంతా పొడి అయింది. కానీ మధ్యలో వెంట్రుక లాంటి గీత ఒకటి తడిగానే మిగిలింది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. నీళ్లు అందులోకి దిగాయి. ఆమె ఇంకో బండ తడిపి తుడిచింది. అందులోనూ గీత. మూడో దాంట్లో రెండు గీతలు.

"మీద నూనె రాసిన్రు. పొడిగున్నప్పుడు కండ్లకు దొరకది. ఇంట్ల పరిచినంక ఆరు నెలలకు పలుగుతది. గిది వద్దు నీకు," అంది మెల్లిగా.

సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేసి మా వైపే చూస్తున్నాడు. అతను గట్టిగా అరవలేదు. అది ఇంకా బాధగా అనిపించింది. "బాలమ్మా, పొద్దుగూకినంక లెక్క చూసుకో. రేపటి సంది రాకు," అన్నాడు అంతే.

"నా వల్ల వచ్చింది కదండీ ఇది, ఆమె తప్పేముంది? నేనే అడిగాను," అని అబద్ధం కూడా ఆడాను. అతను వినిపించుకోకుండా లోపలికి వెళ్లిపోయాడు. బాలమ్మ మాత్రం తువ్వాల విప్పి, దులిపి, మళ్లీ కట్టుకుని మిగిలిన బండలు పేర్చడానికి వెళ్లింది. సాయంత్రం దాకా కూలి ఉంది కదా, పని ఆపడం ఎందుకన్నట్టు.

బాలమ్మ ఇల్లు

ఇంకో రెండు చోట్ల చూశాం గానీ నా మనసు రాయి మీద లేదు. నాలుగు దాటేసరికి ఊళ్లో షట్టర్లు దిగడం మొదలైంది. రేపు బంద్ అట. సాయంత్రం బస్సులన్నీ డిపోకి వెళ్లిపోయాయి. లాడ్జిలకి వెళ్తే రెండింట్లోనూ గదులు లేవు, ఆగిపోయిన లారీ డ్రైవర్లతో నిండిపోయాయి. మావారికి ఫోన్ చేశాను. "నేను ముందే చెప్పాను," అంటారనుకున్నాను. "జాగ్రత్తగా ఉండు, రాయి సంగతి పోనీ," అన్నారు. ఆ 'పోనీ' అనడం నాకు నచ్చలేదు.

బస్టాండు బయట నిలబడి ఉంటే ఆటోల దగ్గర బాలమ్మ కనబడింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆమె, "బస్సులు బందయినయి. యాడుంటరు?" అంది.

"అదే తెలియట్లేదండీ."

నేను 'అండీ' అనగానే పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. బాలమ్మ వాళ్లను చూసింది, నన్ను చూసింది. "మా ఊరు దగ్గర్నే. ఆటోల అర్ధగంట. రండ్రి," అంది.

పొద్దున నా వల్ల పని పోగొట్టుకున్న మనిషి, సాయంత్రం ఇంటికి రమ్మంటోంది. లక్ష్మమ్మే ముందు ఆటో ఎక్కి కూర్చుంది.

రెండు గదుల ఇల్లు. గోడలు బండలే, కప్పు బండలే. నేల మాత్రం కొనుక్కునేవాళ్లు వద్దన్న ముక్కలతో పరిచింది. ఒక్కో ముక్క ఒక్కో ఆకారం. ఏళ్ల తరబడి నడిచి నడిచి అరిగి, ఏ పాలిష్ మెషీనూ తేలేని నునుపు వచ్చింది వాటికి. నేను వంగి చేత్తో తడిమాను. బాలమ్మకు నవ్వొచ్చినట్టుంది. "నీల్లు తేనా?" అని అడిగింది. యూనిట్‌లో నా ప్రయాసంతా ఆమె చూసింది కదా.

భర్త చనిపోయి పదేళ్లయిందట. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు అయిపోయాయి. ఒక్కతే ఉంటోంది. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసింది. అరచేతుల మధ్య ముద్దను తడుతూ తిప్పుతుంటే అది వెడల్పవుతూ వచ్చింది. నేను ప్రయత్నిస్తే మూడో దెబ్బకే చిరిగింది. ఆ చిరిగిన దాన్నే కాల్చి నాకు పెట్టింది. ఎల్లిపాయ కారం, కందిపప్పు. తాండూరు కందిపప్పు గురించి దిల్‌సుఖ్‌నగర్ కిరాణా కొట్లో చాలాసార్లు విన్నాను. మంట మీంచి దించగానే తింటే ఆ రుచి వేరు. నా బ్యాగులో ఉన్న గోంగూర పచ్చడి సీసా తీశాను. నాలిక మీద కొంచెం వేసుకుని, "కారం మంచిగున్నది. నూనె మస్తు పోస్తరు మీరు," అంది. సీసా మాత్రం దగ్గరికి జరుపుకుంది.

తిన్నాక అడిగాను. "ఎందుకు చెప్పావమ్మా? నాకు తెలియకపోతే కొనుక్కుని వెళ్లిపోయేదాన్ని కదా."

ఆమె లేచింది. గిన్నె కడిగి బోర్లించి వచ్చి కూర్చుంది.

"నువ్వు కాలు వెట్టి జారుతదా అని జూస్తివి. ఈడికొచ్చినోల్లందరు రంగు జూస్తరు, రేటు జూస్తరు. కాలు వెట్టి చూసినోల్లను నేను జూడలె. ఇంట్ల ఎవరికో బాగలేదని సమజయింది."

మావారి సంగతి చెప్పాను. పూర్తిగా విన్నది. "దవాఖాన ఖర్చు పెద్దగనే అయ్యుంటది," అని మాత్రం అంది. పోయిన తన పని గురించి ఒక్క మాటా అనలేదు.

మెషీన్లు ఆగిన రోజు

మర్నాడు బంద్. ఎక్కడికీ కదిలేది లేదు. బాలమ్మ మమ్మల్ని ఊరి చివర గనికి నడిపించుకుంటూ తీసుకెళ్లింది. నర్సింలు అనే ఆయనది. పెద్ద యజమాని కాదు. కొద్దిపాటి జాగాలో తనూ తమ్ముళ్లూ కలిసి తవ్వుకుంటున్నారు.

గని అంటే నేను చీకటి బిలం ఊహించుకున్నాను. అదొక పెద్ద మెట్ల బావిలా ఉంది. అంచున నిలబడి చూస్తే గోడలో బండలు ఒకదాని మీద ఒకటి, పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉన్నాయి. పైన పసుపు, కిందికి పోయే కొద్దీ నీలం. సందులో ఉలి పెట్టి కొడితే పొర మొత్తం అట్టలా లేస్తుందట. కోయడానికే మెషీను, విడదీయడానికి కాదు. అందుకే దాని పైభాగం గరుకుగా, పుట్టిన తీరుగానే ఉంటుంది. ఆ గరుకే కాలిని పట్టి ఉంచుతుంది.

"పాలిష్ వద్దు మీకు," అన్నాడు యాదయ్య. "ఇంట్ల కొంచెం నునుపు చేపిద్దాం, కాలుకు గుచ్చకుండ. కింద దుకాణంల గిట్లనే ఉండనీ. పదిమంది చెప్పులతోని తిరుగుతరు, మందం బండ ఏద్దాం. వంటింటి గట్టుకు మాత్రం ఇది వద్దు. చింతపండు పులుసు వడితె మచ్చ వోదు. దానికి నల్ల గ్రానైటు ఎల్.బి.నగర్‌లనే తీసుకుందాం."

ఆ రోజు బంద్ కాబట్టి మెషీన్లు ఆగిపోయి ఉన్నాయి. గనిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. బాలమ్మ చిన్న సుత్తి తీసుకుని ఒక బండను లేపి నిలబెట్టి కొట్టింది. ఠంగుమంది, గుడిగంట చివర్లో సాగినట్టు. ఇంకోటి కొట్టింది. దబ్‌మని అక్కడే ఆగిపోయింది.

"ఇన్నవా? మొదటిది గట్టిది. రెండోదాంట్ల ఎక్కడో పలుగున్నది, మనకు కనబడదు. యూనిట్ల కాడ ఆ లొల్లిల ఏం ఇనబడది. ఇయ్యాల మంచిగ ఇనబడుతది."

బంద్‌ని తిట్టుకుంటూ లేచిన నేను, ఆ బంద్ వల్లే రాయి చప్పుడు వినగలిగాను. పదకొండింటికి మొదలుపెట్టాం. యాదయ్య, లక్ష్మమ్మ బండ లేపడం, బాలమ్మ కొట్టడం, నేను తడిపి తుడిచి గీత ఉందేమో చూడటం. కాసేపటికి సుత్తి నాకిచ్చి ఆమె పక్కన నిలబడింది. మొదట్లో ప్రతిదానికీ ఆమె మొహం చూసేదాన్ని. తర్వాత తర్వాత ఆమె తల ఊపకముందే నాకు తెలిసిపోయేది. ఒకసారి పప్పులో కాలేశాను, దబ్‌మన్నదాన్ని మంచిదన్నాను. "చెవుల్ల దుమ్ము వడ్డదా?" అంది. లక్ష్మమ్మ పడీపడీ నవ్వింది. ఎండ నెత్తికెక్కేసరికి నా చీరంతా బూడిదరంగైపోయింది, అరచేతిలో బొబ్బ లేచింది. ఒక బండ లక్ష్మమ్మ చేతిలోంచి జారి నా బొటనవేలి గోరు నల్లబడింది. సాయంత్రానికి ఇంటికీ దుకాణానికీ సరిపడా బండ ఏరాం. వద్దన్న కుప్ప కూడా దాదాపు అంతే ఉంది.

నర్సింలు అంతసేపూ బీడీ కాలుస్తూ చూశాడు. ధర పద్దెనిమిది అన్నాడు. నేను బేరం ఆడలేదు.

"ఒక్క మాట అడగొచ్చా అన్నా? బాలమ్మకు మీ దగ్గర పని ఇవ్వండి. ఏరి పంపే పని."

అతను తల అడ్డంగా ఊపాడు. "నాకు తెల్వదా అమ్మా, ఆమె చెయ్యి ఎట్లాంటిదో. కని నా తమ్ముల్లకే నెలల పది దినాలు పని ఉంటలేదు. ఈ బంద్‌లల్ల లారీలు వస్తలేవు. ఇంకో నాలుగు లోడ్లు వోయిన్నాడు పిలుస్త. ఒట్టి మాట జెప్పి ఆమెను ఆశవెట్టను."

కఠినంగా ఉన్నా నిజమైన మాట. బాలమ్మ ముందే ఉంది. ఆమె కూడా తలూపింది. ఆ రోజు ఏరినందుకు ఆమెకు కూలి ఇవ్వబోతే సగమే తీసుకుంది. సగం రోజు నేనే కొట్టానట.

రోడ్డు మీద వంట

మూడో రోజు పొద్దున్నే నర్సింలు మాట్లాడిన డీసీఎం లారీ వచ్చింది. ఎక్కించిన ప్రతి వరసకీ మధ్య ఎండుగడ్డి పెట్టింది బాలమ్మ. బయల్దేరేటప్పుడు ఒక మూట నా ఒళ్లో పెట్టింది. కందిపప్పు. ఏదో చెప్పాలని చూశాను. "ఎండెక్కుతున్నది, నడువుండ్రి," అంది.

మొయినాబాద్ దగ్గరకు వచ్చేసరికి రోడ్డంతా జనం. రాస్తారోకో. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి పొయ్యిలు చేసి, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. ఆడవాళ్లు బతుకమ్మ పాటలు పాడుతున్నారు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినే ఈ నిరసనను టీవీలో చూశాను గానీ దాని మధ్యలో దిగడం అదే మొదలు. మా ముందూ వెనకా బళ్లు ఆగిపోయాయి. ఎండకు క్యాబిన్‌లో కూర్చోలేక దిగాం.

పాతికేళ్ల కుర్రాడొకడు వెనక తలుపు మీద నుంచి తొంగిచూసి, "ఎవరియి ఈ బండలు?" అన్నాడు.

యాదయ్య ఏదో చెప్పబోయాడు. ఎన్నాళ్లని అతని వెనక దాక్కోను? "నావేనండీ. మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం," అన్నాను.

"ఆంధ్రోల్లా?"

"రేపల్లె."

"మంచిగున్నది. గనులు మాయి, జాగా మాది. ఇండ్లేమో మీయి."

అతను కోపంతో అనలేదు, అలసటతో అన్నాడు. తప్పని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, ఒప్పని చెప్పి తప్పించుకోవడానికీ ఒప్పలేదు. రెండు రోజుల క్రితం ఒకామె నా కోసం పని పోగొట్టుకోవడం చూసి వచ్చాను. లక్ష్మమ్మ నా పక్కకి వచ్చి, "ఈ యమ్మ నిన్న పొద్దందాక మాతోని బండలు మోసింది. చెయ్యి జూడు," అంది. నా బొబ్బ చూపించాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే పొయ్యి దగ్గరి పెద్దావిడ కేక పెట్టింది. "ముచ్చట్లు మల్ల వెట్టుండ్రి. ఉల్లిగడ్డలు ఎవరు గోస్తరు? ఇద్దరు గూసోండ్రి!"

అలా ఆ కుర్రాడూ నేనూ ఎదురెదురుగా ఒక గోనెసంచి మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగాం. ఇద్దరికీ కళ్లలోంచి ధారలు. ముందు అతనికే నవ్వొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మూడేళ్లుండి ఉద్యోగాలకి కోచింగ్ తీసుకున్నాడట. నోటిఫికేషన్ రాలేదు, ఇంటి నుంచి డబ్బులు ఆగిపోయాయి, ఊరికి తిరిగొచ్చాడు. వాళ్ల హాస్టల్ ఉన్న వీధి చివర్లోనే మావారి దుకాణం. "గా కండ్లద్దాల సారా? నాకు కాడ ఇరిగితె పైసల్ తీస్కోకుండ బిగించిండు," అన్నాడు ఆశ్చర్యంగా. నేను లెక్కల టీచర్నని తెలిసి, తనకు ఏ లెక్కలు కష్టమో చెప్పాడు. పడవ, ప్రవాహం లెక్కలు. అక్కడే, ఉల్లిపొట్టు పక్కకు నెట్టి, రోడ్డు మీద బొగ్గుముక్కతో ఒకటి చేసి చూపించాను.

విస్తట్లో అన్నం, చిక్కటి పప్పుచారు, వంకాయ కూర పెట్టారు. ఆగిపోయిన బళ్లలోని అందరికీ పెట్టారు, ఏ ఊరని ఎవరినీ అడగలేదు. పెద్దావిడ నాకు రెండోసారి అన్నం వడ్డిస్తూ, "ఇల్లు గట్టుడంటె చిన్న ముచ్చట గాదు, కడుపు నిండ తిను," అంది. మూడింటికి రోడ్డు తెరిచినప్పుడు ఆ కుర్రాడే ముందు నడిచి మా డీసీఎంకి దారి ఇప్పించాడు. "రాష్ట్రమొస్తె నోటిఫికేషన్లు వస్తయి టీచర్. అప్పుడు మీ కాడికే వస్త లెక్కలకు," అన్నాడు. రమ్మని దుకాణం కొత్త చిరునామా చెప్పాను. ఇంకా నేల కూడా లేని దుకాణానికి అది నేను ఇచ్చిన మొదటి చిరునామా.

మీర్‌పేట్

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. మావారు ఆటోలో వచ్చి, సగం కట్టిన గోడ నీడలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నారు. కష్టం అప్పుడు మొదలైంది. బండలు దించే కూలీలు అడ్డా మీద ఒక్కరూ లేరు, అందరూ ఉద్యమం సభకు వెళ్లారు. డీసీఎం డ్రైవరేమో చీకటి పడక ముందే వెనక్కి బయల్దేరాలంటున్నాడు. యాదయ్య, లక్ష్మమ్మ ఇద్దరే ఆ బరువు దించాలంటే తెల్లారుతుంది.

మా పక్క జాగాలో రెండు గదులు వేసుకుని ఉంటూ మిగతా ఇల్లు కట్టుకుంటున్నది పోచంపల్లి నుంచి వచ్చిన నేతవాళ్ల కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు. వాళ్ల సరోజ, నేను మొదట్లో బాగానే మాట్లాడుకునేవాళ్లం. గొడవలు ముదిరాక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియక తలలూపుకోవడం దాకా వచ్చింది. వాళ్ల డాబా మీద ఉద్యమం జెండా ఎగురుతోంది.

సరోజ గేటు దగ్గర నిలబడి కాసేపు చూసింది. లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు వెనక భర్త, మరిది, ఇద్దరు బావలు ఉన్నారు. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుంటూ, "అక్కా, జర పక్కకు జరుగు. ముందు మాకు జెప్పొద్దా?" అంది.

వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ దించారు. ఒక్క బండ పగల్లేదు. ఎండుగడ్డి అంతా వాకిట్లో పోగైంది. పని అయ్యాక సరోజ ఒక బండ మీద చెయ్యి పెట్టి రంగు చూసింది. నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టిన మనిషి, రంగు అలా పరీక్షగా చూడటం ఆమెకు అలవాటు. "అన్ని ఒక్క తీరుగున్నయి. ఒక్కటి గూడ తేడా లేదు. గింత మంచిగ ఎవరు ఏరిన్రు? మేము గూడ గిదే ఏద్దుము. చిరునామా రాసియ్యి అక్కా."

స్కూలు డైరీలోంచి కాగితం చింపాను. ఊరి పేరు, నర్సింలు పేరు రాశాను. దాని కింద, 'బండ ఏరేది బాలమ్మే కావాలని అడగండి' అని రాసి గీత గీశాను. సరోజ చదువుకుని, తన ఆడపడుచు వాళ్లు కూడా హయత్‌నగర్‌లో కడుతున్నారని, వాళ్లకూ చెప్తానని అంది. నాలుగు లోడ్లు కావాలన్నాడు నర్సింలు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

నెలన్నర తర్వాత, మా హాల్లో నేల పని ముగిసి, యాదయ్య నీళ్లు కొట్టి కడిగిస్తున్న రోజున నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నర్సింలు ఫోన్ నుంచి బాలమ్మ.

"అమ్మా, మీ పక్కింటోల్లు రెండు లోడ్లు కొట్టిచ్చుకున్నరు. వాల్ల సుట్టాలు గూడ వచ్చిన్రు. ఎనిమిది దినాల సంది నేను ఈడనే జేస్తున్న," అంది. ఆమె వెనకాల మెషీన్ల చప్పుడు. నేను ఏడుస్తున్నానేమోనని అనుమానం వచ్చినట్టుంది, వెంటనే మాట మార్చింది. "మీ సారు కాలు ఎట్లుంది? బండ మీద నడిచిండా?"

మావారు గుమ్మంలో ఉన్నారు. కర్ర గోడకు ఆనించి, తడి నేల మీదికి ఒక కాలు పెట్టారు, ఆగారు, రెండోది పెట్టారు. నేను గుడ్డ తీసుకుని వెళ్లబోతే చేత్తో వద్దన్నారు. గదికి అడ్డంగా, మెల్లగా, గోడ పట్టుకోకుండా నడిచి నా దగ్గరికి వచ్చారు.

"ఆయన్నే అడుగు," అని ఫోన్ ఆయన చేతికిచ్చాను.